ఇరవై రెండు గాడి పలకలు

ఆ అక్టోబరు మొదట్లో ఆర్డెన్ గాంట్నర్ చేతిలో ఉన్నవి ఇవి: ఒక పాత ట్రక్కు, రెండు గడ్డపారలు, యాభై ఎనిమిదేళ్ళ వయసు, ఎడమకు వంగిన ముక్కు, పది వేళ్ళు, ఇరవై రెండు పలకలు. ఒహాయో కొండల్లో పాత గడ్డికొట్టాలు కూలగొట్టి చెక్క అమ్ముకునేవాడికి ఇది పెద్ద ఆస్తేమీ కాదు. కానీ ఆ పలకల సంగతి అతనికి తప్ప ఇంకొకరికి తెలియదు. ఆస్తి అంతా అందులోనే ఉంది.

ముక్కు వంగడానికి కారణం బావమరిది బాయిడ్ అట్లీ. ముప్పై ఏళ్ళ కిందట, పెళ్ళి విందులో, "మా అక్కని సరిగ్గా చూసుకో బావా" అని భుజం తట్టాడు. "నువ్వు చెప్పాలా?" అన్నాడు ఆర్డెన్. మరుక్షణం పిడికిలి దిగింది. పెళ్ళి ఫోటోల్లో ఆర్డెన్ ముక్కుకు దూది ఉంటుంది. బాయిడ్ అలాంటివాడు. సంతలో ట్రాక్టరు పందెం దగ్గర ఒకడి దవడ విరగ్గొట్టాడు. తన సొంత ట్రక్కు తలుపు మొరాయిస్తే దాన్నే కాలితో తన్ని ఊడగొట్టాడు. అయినా కొట్టం కూల్చేటప్పుడు పక్కన అలాంటి మనిషి ఉంటే ఇద్దరి పని అవుతుంది. ఆ లెక్క చూసుకునే ఆర్డెన్ అతన్ని పదకొండేళ్ళుగా వదులుకోలేదు.

రక్‌మన్ ముసలాయన కొట్టం ఆ సెప్టెంబరులో వాళ్ళ చేతికొచ్చింది. అక్కడి పద్ధతి ప్రకారం కూలగొట్టి, నేల శుభ్రం చేసి ఇచ్చినవాడిదే చెక్క. చేయి కలిపితే చాలు, కాగితం ఉండదు. రెండు రోజులు పైకప్పు ఒలిచారు. మూడో రోజు బాయిడ్ మూల స్తంభాలను గొడ్డలితో సగానికి నరికాడు. ఆర్డెన్ ఇనుప తాడు కట్టి ట్రక్కుతో లాగాడు. నూటపాతికేళ్ళ కొట్టం ఒక్కసారి మూలిగి, మోకాళ్ళు విరిగిన ఎద్దులా ముందుకు కూలింది. ఒక దూలం నేలకు కొట్టుకుని పైకి లేచి, బాయిడ్ తల పక్కనుంచి పోయి ట్రక్కు అద్దం పగలగొట్టింది. అద్దం ముక్కలు జుట్టులోంచి దులుపుకుంటూ బాయిడ్ నవ్వాడు. దుమ్ములోంచి ఎలుకలు పరుగులు తీస్తుంటే పార తీసుకుని వాటి వెంట పడ్డాడు. ఇరవై దాకా చంపి గాని ఆగలేదు.

అతను ఎలుకల పనిలో ఉన్నప్పుడే ఆర్డెన్ ఆవుల గాడిని విప్పుతున్నాడు. పలకలన్నీ సున్నం, పేడ. ఒకటి ఊడదీసి ఎత్తితే చేతికి తేలిగ్గా వచ్చింది. ఓక్ పలక అంత తేలిగ్గా ఉండదు. గోటితో సున్నం గీకాడు. కింద తేనె రంగు, సూదితో పొడిచినట్టు సన్నటి బొక్కలు.

చెస్ట్‌నట్. ఆ కొండల్లో ఆ చెట్టు ఇప్పుడు లేదు. వాళ్ళ తాతల కాలంలో తెగులు తగిలి మానులన్నీ నిలువునా ఎండిపోయాయి. ఎండిన మానుల్లోకి పురుగు దూరింది. వాటిని కోసిన పలకలు పాత కొట్టాల్లో ఎక్కడైనా నాలుగు దొరికితే దొరికినట్టు. పురుగు బొక్కలు ఎన్ని ఎక్కువుంటే పట్నంలో అంత ధర. మేకు బొక్క మాత్రం ఉండకూడదు. ఈ పలకలను ఎప్పుడో ఎవరో మేకు వాడకుండా గంట్లలో దూర్చి నిలబెట్టారు. ఆర్డెన్ పన్నెండడుగుల పలకలు ఇరవై రెండు లెక్కపెట్టాడు. గీకిన చోట ఉమ్మేసి, కాలి కింద పేడ తీసి రుద్దాడు.

అప్పుడే మనసులో రంపపు మిల్లు నిలబడింది. పట్నం దారిలో ఒకడు పాత మిల్లు అమ్ముతున్నాడు. చక్రాలు, ఇంజను, పట్టీ రంపం, అన్నీ ఉన్నాయి. అది తెచ్చుకుంటే ఇక నిచ్చెనలెక్కి ఒకరి దూలాల మీద నడిచే పని ఉండదు. మానులే తన దగ్గరికి వస్తాయి. ఇరవై రెండు పలకలకు ఆ మిల్లు వస్తుంది. పదకొండుకు రాదు.

చెక్క పంచుకోవడానికి కూడా పద్ధతి ఉంది. ఒకడు రెండు కుప్పలు వేయాలి, రెండోవాడు ఎంచుకోవాలి. దాంతో పంచేవాడు మోసం చేయలేడని అందరి నమ్మకం.

"నేను పంచుతా, నువ్వు ఎంచుకో" అన్నాడు ఆర్డెన్.

ఒక కుప్పలో వెండిరంగు తేలిన ఓక్ పలకలు, నీటుగా, చివరలు సమానంగా పేర్చాడు. రెండో కుప్పలో మేకులు దిగిన పొడుగాటి పైన్ కమ్మీలు, వాటి మీద పేడ పలకలు, వాటి మీద చచ్చిన ఎలుక ఒకటి. ఎలుకను తీసేయడం మరిచిపోయినట్టు వదిలేశాడు.

బాయిడ్ రెండు కుప్పల చుట్టూ తిరిగి పగలబడి నవ్వాడు. "బావా, నీకు కళ్ళు పోయాయా, బుర్ర పోయిందా? ఇంత మంచి ఓక్ అంతా ఒకే పక్క వేశావేంటి?"

"నడుం పట్టేసిందిరా. బరువైనవి దూరం మోయలేక వేశా. ఎంచుకో, ఇక."

"ఓక్ నాది. ఆ పేడ ఏం చేస్తావ్?"

ఆర్డెన్ ముఖం వేలాడేశాడు. నోటికొచ్చింది అన్నాడు. "మీ అక్కకి గ్యారేజీలో అరలు కడతాలే."

అదే అతను చేసిన మొదటి పొరపాటు. బాయిడ్ ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ అక్క, ఆర్డెన్ భార్య నోలా, గ్యారేజీలో అరలు కావాలని పంతొమ్మిదేళ్ళుగా అడుగుతోంది. మంచు పడే లోపు తన కారు లోపల పెట్టుకోవాలని ఆమె కోరిక. నేలంతా ఆర్డెన్ ఇనుప సామాను.

"నిజంగా కడతావా?" అంది గుమ్మంలోనే.

"కడతానన్నాగా."

"తేదీ చెప్పు. నీ కడతానన్న మాట నేను చాలాసార్లు విన్నా."

రాత్రి పడుకుని లెక్క వేసుకుంటే అదీ లాభంగానే తోచింది. పట్నం నుంచి హోటళ్ళ గోడలకు పాత చెక్క కొనే ఆవిడ నాలుగో శనివారం వస్తానంది. అప్పటిదాకా పలకలు వానలో ఉండకూడదు, ఎవరి కంటా పడకూడదు. అందరూ చూసే చోట, సీసాల కింద, డబ్బాల కింద ఉంటే ఎవరు అడుగుతారు? ఆ శనివారం నోలా చర్చి అమ్మకానికి కేకులు పట్టుకుని పోతుంది. రెండు గంటలు దొరుకుతాయి. చెస్ట్‌నట్ తీసి పైన్ పలకలు పెట్టేస్తే ఆమెకు అరలు ఉంటాయి, అతనికి మిల్లు ఉంటుంది.

కట్టాడు. పని తెలిసినవాడు కనుక చూడ్డానికి ముచ్చటగా కట్టాడు. ముందు పైన్ కమ్మీల్లోని మేకులు పీకాడు. దారానికి అయస్కాంతం కట్టి ప్రతి కమ్మీ మీదా అంగుళం అంగుళం నడిపించాడు. లోపల మిగిలిన ఒక్క మేకు రంపం పళ్ళన్నీ ఊడగొడుతుంది. ఖాళీ పందికొవ్వు బకెట్టు నిండా తుప్పు మేకులు తేలాయి. కమ్మీలను నిలువు కాళ్ళుగా కోసి, వాటికి గంట్లు కొట్టాడు. గంట్లలోకి చెస్ట్‌నట్ పలకలు జంటలుగా దూర్చాడు. అయిదు అరలు, పది పలకలు. మిగతా పన్నెండూ చట్రం వెనక, గోడకు చట్రానికి మధ్య, నిలువంచున పేర్చి పెట్టాడు. పలకలు కదలకుండా చెక్క చీలలు కొట్టి బిగించాడు.

అరలు కట్టే ఎవడైనా చివర్లో ఒక పని చేస్తాడు. చట్రాన్ని గోడలోని నిలువు కర్రలకు పొడుగాటి స్క్రూలతో బిగిస్తాడు. ఆ కొండల్లో ప్రతి గ్యారేజీలో అరలు అలాగే ఉంటాయి. కోతిలా ఎక్కి వేలాడినా కదలవు. ఆర్డెన్ ఒక్క స్క్రూ కూడా వాడలేదు. పలకకు బొక్క పడితే ధర పడిపోతుంది. చట్రాన్ని గోడకు బిగిస్తే ఆ రెండు గంటల్లో విప్పలేడు. మూడు వారాలేగా అనుకున్నాడు.

నోలా ఆ మూడు వారాలూ ఊరుకోలేదు. మొదటి రోజే పీచ్ పండ్ల సీసాలు, టమాటా సీసాలు ఎనభై నాలుగు తెచ్చి పైఅరలో పెట్టింది.

"కింద పెట్టరాదూ?" అన్నాడు ఆర్డెన్.

"కింద ఎలుకలు. నీ అరలు గట్టివే కదా?"

గట్టివి కావని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత రంగు డబ్బాలు వచ్చాయి. క్రిస్మస్ పెట్టెలు వచ్చాయి. చివరికి నేల మీద పడున్న పాత ట్రక్కు గేర్‌బాక్సు చూపించి, "దీన్ని కూడా ఎక్కించు. నా కారు దూరాలి" అంది. ఇద్దరు మనుషుల బరువు దానిది. గొలుసుతో పైకి లాగి, నడుమెత్తున ఉన్న అరలో దించాడు. పలక కొంచెం కిందికి వంగింది. ఆర్డెన్ గుండె కూడా దాంతోపాటు వంగింది. నోలా చప్పట్లు కొట్టింది.

శనివారం రెండు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం, బాయిడ్ ట్రక్కు గ్యారేజీ ముందు మట్టి లేపుకుంటూ ఆగింది. వెనక నాలుగు ఓక్ పలకలున్నాయి. బాయిడ్ చేతిలో జానెడు చెక్కముక్క ఉంది. సగం కాలింది.

ఆ ముక్కను ఆర్డెన్ రొమ్ము మీదికి విసిరాడు. "ఇదేంటి బావా?"

"పేడ పలక."

"నా ఓక్ పలకల మధ్య గాలాడ్డానికి పెట్టావుగా, సున్నం ముక్కలు. వాటిలోది. పొద్దున పొయ్యిలో వేశా. టపాకాయల్లే పేలింది. రవ్వ ఎగిరి మా కుక్క తోక అంటుకుంది. మా నాయనమ్మ ఏమనేదో తెలుసా? చెస్ట్‌నట్ పొయ్యిలో పెడితే ఇల్లు కాపలా కాయాలి అనేది. తీసి గీకి చూశా. పురుగు బొక్కలు."

ఆర్డెన్ గాడిలో ఒక విరిగిన ముక్కను లెక్క పెట్టలేదు. దాన్ని నాలుగు చేసి బాయిడ్ కుప్పలో దూర్చింది తన చేయే.

"నువ్వే ఎంచుకున్నావు" అన్నాడు. "నేను పంచా. పద్ధతి ప్రకారమే జరిగింది."

"పేడ పూసి ఎంచుకోమన్నావు! పదకొండేళ్ళు నీ కింద దూలాలు మోశా. చచ్చిన ఎలుకని కూడా నువ్వే పెట్టావు కదూ?"

ఆర్డెన్ ఆ కాలిన ముక్కను కాలితో పక్కకు నెట్టాడు.

"పెట్టావు! ఒరే, ఎలుకని కూడా నువ్వే పెట్టావురా!"

పలకల కన్నా ఎలుకే బాయిడ్‌ను ఎక్కువ కాల్చినట్టుంది. "అదిగో నీ ఓక్, ట్రక్కులో నాలుగు తెచ్చా, మిగతావీ తెచ్చి నీ మొహాన కొడతా. నా పదకొండు నాకియ్యి."

"శనివారం దాకా ఆగు. మాట్లాడుకుందాం."

"శనివారం ఏముంది?"

ఆర్డెన్ అనకూడని రోజు పేరు అనేశాడు. బాయిడ్ కళ్ళు అరల మీదికి పోయాయి. సున్నం, పేడ, అయిదు అరలు. అర్థమైంది. గోడకు ఆనించిన గడ్డపార అందుకుని, కిందినుంచి మొదటి అరలో పెట్టి పైకి ఎత్తాడు. చెక్క చీల ఎగిరిపోయింది. పలక నిలువునా చీలింది. ఆ చప్పుడు ఆర్డెన్‌కు మిల్లు చక్రం పగిలినట్టు వినబడింది. రెండో పలక చీలింది. ఇంజను. మూడోది.

అక్కడ ఆర్డెన్ లెక్క ఆగిపోయింది. చేతికి పార దొరికింది. దాని వెనక భాగంతో బాయిడ్ వీపు మీద కొట్టాడు. బాయిడ్ మోకాళ్ళ మీద పడి, తిరిగి, పడ్డ చోటునుంచే గడ్డపార అడ్డంగా విసిరాడు. అది ఆర్డెన్ ఎడమ మణికట్టుకు తగిలింది. లోపల ఏదో పుల్లలా విరిగింది. పార జారిపోయింది.

"రా! ఇప్పుడు పంచు!" అన్నాడు బాయిడ్ లేస్తూ. "నేను ఎంచుకుంటా!"

ఆర్డెన్ తల వంచుకుని పొట్టలో గుద్దాడు. ఇద్దరూ పనిబల్ల మీద పడ్డారు. మేకుల బకెట్టు బోర్లాపడింది. తుప్పు మేకుల మీద దొర్లారు. ఒక మేకు ఆర్డెన్ తొడలో దిగింది. అతను బాయిడ్ చెవి కొరికాడు. నోట్లో రక్తం, రంపపు పొట్టు. బాయిడ్ అరిచి, జుట్టు పట్టుకుని ముఖాన్ని బల్ల కాలికేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి కుడిపక్కకు. ముక్కులో ఎముక కదిలిన చప్పుడు ఆర్డెన్‌కు తలలో వినబడింది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. గుడ్డిగా చేయి తిప్పితే సుత్తి తగిలింది. దాంతో బాయిడ్ మోకాలి చిప్ప మీద కొట్టాడు.

బాయిడ్ ఒంటికాలి మీద వెనక్కి తూలి అరల చట్రానికి తగిలాడు. పైన సీసాలు గలగలమన్నాయి. మూడు చీలలు అప్పటికే ఊడాయి, మూడు పలకలు పోయాయి. చట్రం ముందుకు ఒక వేలెడు వంగి, మళ్ళీ నిలబడింది. ఆర్డెన్ అది చూశాడు. బాయిడ్ చూడలేదు.

బాయిడ్‌కు నిలబడ్డానికి ఏదో ఒకటి కావాలి. ఆ కొండల్లో పుట్టిన ఎవడైనా చేసేదే చేశాడు. అరల నిలువు కాలు పట్టుకుని, ఒళ్ళంతా దాని మీద వేసి, తన్ను తాను పైకి లాక్కోబోయాడు. గోడకు బిగించి ఉంటుందనే నమ్మకం.

బిగించలేదురా, వదులు. రెండు మాటలు. చెప్పడానికి టైము ఉంది. తర్వాత ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా ఉందనే తేలేది. ఆ క్షణాన ఆర్డెన్ నోట్లో రక్తం ఉంది, ఒంట్లో కోపం ఉంది. అతను పక్కకు దూకాడు. నోరు తెరవలేదు.

చట్రం మొత్తం వచ్చేసింది. ముందు సీసాలు. ఎనభై నాలుగూ ఒకేసారి సిమెంటు నేల మీద పేలాయి. రంగు డబ్బాలు మూతలూడి ఎగిరాయి. ఒకటి ఆర్డెన్ భుజానికి తగిలింది. తర్వాత కాళ్ళు, పలకలు. వాటితోపాటు గేర్‌బాక్సు జారి, వెల్లకిలా పడిన బాయిడ్ తుంటి మీద, కింది పక్కటెముకల మీద దిగబడింది. దాని మీద పైన్ చట్రం పడింది. నాలుగు పలకలు విరిగిన చప్పుడు వరసగా వినబడింది. ఆ తర్వాత పీచ్ పాకం కారుతున్న చప్పుడు.

బాయిడ్ అరవలేదు. అరవడానికి ఊపిరి లేదు. నోరు తెరిచి మూస్తున్నాడు. గాజు ముక్క కోసిన పిక్కనుంచి రక్తం పాకంలో కలిసి పారుతోంది.

నోలా ఇంట్లోంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఒక్క చూపు చూసి వెనక్కి పరుగెత్తి ఫోన్ చేసి మళ్ళీ వచ్చింది.

"అంబులెన్సుకు ఇరవై అయిదు నిమిషాలట" అంది. "కొండకు అవతల ఉన్నారట. ఒరే బాయిడ్! ఒరే తమ్ముడూ, చూడు నావైపు."

బాయిడ్ పెదాలు నీలంగా మారుతున్నాయి. ఇరవై అయిదు నిమిషాలు అతని దగ్గర లేవు. ఆర్డెన్ బెల్టు ఊడదీసి పళ్ళతో లాగి పిక్క పైన కట్టాడు. పనిచేసేది కుడిచేయి ఒక్కటే. నోలా, అతను కలిసి చట్రం మీద చేతులేసి ఎత్తారు. కదలలేదు.

ఆర్డెన్ గోడ దగ్గరికి పోయాడు. చెస్ట్‌నట్ పలకలు పన్నెండూ చెక్కు చెదరకుండా అక్కడే ఉన్నాయి. ఒకటి లాగాడు. దాన్ని గేర్‌బాక్సు కింద దూర్చి, ఇవతల ఒక దిమ్మ పెట్టి, ఇటు చివర ఒళ్ళంతా వేశాడు. గేర్‌బాక్సు రెండంగుళాలు లేచింది. బాయిడ్ ఒక్క ఊపిరి పీల్చాడు. పురుగు తిన్న చోట పలక పటుక్కుమంది. బరువు మళ్ళీ అతని మీదికే దిగింది. ఈసారి అరిచాడు. అది మనిషి అరుపులా లేదు.

"ఇంకోటి!" అంది నోలా.

ఇంకోటి పెట్టాడు. అదీ విరిగింది. బాయిడ్ మళ్ళీ అరిచాడు. మూడోదాన్ని నిలువంచున పెట్టాడు. అది చివరిదాకా చీలి, చీలిక అతని అరచేతిలో దిగబడింది. ధర తెచ్చే బొక్కలే ప్రతిసారీ పలకను తుంచేస్తున్నాయి. నాలుగోది అందుకోబోతుంటే బాయిడ్ వేలు లేచింది. బయటికి చూపిస్తోంది. ట్రక్కు.

ఓక్.

ఆర్డెన్ కుంటుకుంటూ పరుగెత్తాడు. ఒక ఓక్ పలక అంచు పట్టుకుని లాగాడు. అది అతని మీదికే పడింది. లేచాడు. చంకలో ఇరికించుకుని, రెండో చేయి వేలాడేసుకుని, మట్టిలో గీత గీస్తూ ఈడ్చుకొచ్చాడు. దూర్చాడు. దిమ్మ మీద ఆనించాడు.

"ఎక్కి కూర్చో" అన్నాడు నోలాతో.

"ఏంటి?"

"అటు చివర ఎక్కి కూర్చో! నీ బరువు కావాలి!"

వేరే రోజైతే ఆ మాటకు అతనికి వారం రోజులు తిండి ఉండేది కాదు. నోలా గౌను పైకి దోపుకుని, పలక చివర గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఓక్ వంగింది. మూలిగింది. విరగలేదు. గేర్‌బాక్సు, దాని మీది చట్రం, అన్నీ జానెడు లేచాయి. ఆర్డెన్ బాయిడ్ చొక్కా కాలరు ఒంటిచేత్తో పట్టుకుని, మడమలు నేలకు తన్ని, గాజు ముక్కల మీదుగా లాగాడు. లాగుతూ వెనక్కి పడ్డాడు. బాయిడ్ తల అతని ఒడిలో పడింది. ఊపిరి వస్తోంది, రంపం కోతలాగా.

నోలా పలక దిగింది. గేర్‌బాక్సు దభాలున నేలకు కొట్టుకుంది. ఆమె గోడ వైపు చూసింది. అరలున్న చోట గోడ నున్నగా ఉంది. ఒక్క బొక్క లేదు.

"గోడకు బిగించలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"బొక్కలు పడతాయని."

"ఎవరికోసం దాచావు ఆ బొక్కలు లేని పలకలు?"

ఆర్డెన్ చెప్పాడు. మిల్లు, శనివారం, రెండు గంటలు, పైన్ పలకలు, అన్నీ. నోలా విని, పిండి అరచేతితో అతని ముఖం మీద కొట్టింది. సరిగ్గా ముక్కు మీదే తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

ఒడిలోంచి బాయిడ్ గొంతు సన్నగా వచ్చింది. "ఇంకోటి వెయ్యి అక్కా. నా పేరు చెప్పి."

నోలా ఇంకోటి వేసింది.

శనివారం పట్నం ఆవిడ వచ్చింది. అప్పటికి బాయిడ్ ఆసుపత్రిలో ఉన్నాడు. అయిదు పక్కటెముకలు విరిగాయి, తుంటిలో ఇనుప కడ్డీ వేశారు. ఆర్డెన్ మణికట్టుకు సిమెంటు కట్టు. నోలా గుమ్మంలో నిలబడి, "అమ్మేది ఆయన కాదు. పంపకం కాలేదు. వచ్చే నెలాఖరున రండి" అని పంపేసింది.

నవంబరు నెలాఖరున బాయిడ్ చక్రాల కుర్చీలో వచ్చాడు. నోలా మిగిలిన పన్నెండు పలకలూ గడ్డి మీద పరిచింది. ఆర్డెన్ చేత ఒంటిచేత్తో సున్నం అంతా గీకించింది, రెండు పక్కలా. ఈసారి ఆమే పంచింది. బాయిడ్ ప్రతి పలకనూ కర్రతో తిప్పించి, వాసన చూసి, ఎలుకలేమైనా ఉన్నాయేమో కిందికి వంగి చూసి ఎంచుకున్నాడు. ఆరు అతనివి. అక్కడే పట్నం ఆవిడకు అమ్మేసి ఆసుపత్రి బిల్లు కట్టుకున్నాడు.

ఆర్డెన్ ఆరు పలకల మీద పట్నం ఆవిడ చేయి వేసింది. నోలా తీసేసింది.

"ఇవి నా అరలు" అంది.

డిసెంబరులో, మొదటి మంచు పడిన రోజు, అరలు మళ్ళీ కట్టారు. నిలువు కాళ్ళకు బాయిడ్ తెచ్చిన ఓక్ వాడారు, నోలా కూర్చున్న పలకతో సహా. బాయిడ్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, "ఇంకొంచెం ఎడమకి. ఎడమంటే నీ పాత ముక్కు వైపు బావా" అని చెబుతూ పోయాడు. స్క్రూ యంత్రం నోలా పట్టుకుంది. చెస్ట్‌నట్ పలకకు నాలుగేసి స్క్రూలు, ఒక్కోటి వేలంత పొడవు, నేరుగా గోడ కర్రల్లోకి. మొదటిది దిగుతున్నప్పుడు ఆర్డెన్ కళ్ళు మూసుకున్నాడు. ఇరవై నాలుగోదానికి తెరిచే ఉన్నాయి.

అంతా అయ్యాక బాయిడ్ చంకకర్రలు పక్కన పెట్టి లేచాడు. పైఅర అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆర్డెన్ వైపు చూశాడు.

"బిగించావా?"

"బిగించానురా. పట్టుకో."

బాయిడ్ ఒళ్ళంతా వేసి వేలాడాడు. అర కదల్లేదు.

ఆ సాయంత్రం ఆర్డెన్ పనిబల్ల దగ్గర నిలబడి ఏం మిగిలిందో చూసుకున్నాడు. మిల్లు లేదు. దాన్ని వేరెవరో కొనుక్కుపోయారు. పీచ్ సీసాలు లేవు, వచ్చే ఏడు దాకా రావు. ఎడమచేతి చిటికెన వేలు వంగదు, వాన వస్తుందంటే ముందే చెబుతుంది. విరిగిన చెస్ట్‌నట్ ముక్కలు పది పలకలవి, ఫోటో ఫ్రేములకు పనికొస్తాయి. ఇద్దరి పని చేసే బావమరిది పోయి, కుంటుతూ అరపని చేసే బావమరిది మిగిలాడు, మార్చిలో ఇంకో కొట్టం ఉంది వస్తావా అని వెళ్ళేముందు బాయిడే అడిగాడు. నోలా కారు లోపలికి దూరింది, పక్కన అరచేయి వెడల్పు చోటుతో. గోడ మీద ఆరు పలకలు, ఇరవై నాలుగు బొక్కలు. ఇక ముక్కు. బాయిడ్ కుడిపక్కకు కొట్టిన దెబ్బకు అది ముప్పై ఏళ్ళ తర్వాత నిటారుగా నిలబడింది.